వారానికో సోల ఇసుక

మా పోలీసు క్వార్టర్స్‌కు ఎదురుగా, మొన్నటిదాకా టైర్ల దుకాణం ఉన్న జాగాలో, ఒక జిమ్ తెరిచారు. లోపల మూడు వైపులా నిలువెత్తు అద్దాలు, బయట కండలు తిరిగిన మనిషి బొమ్మ. ఆ మనిషికి తల లేదు. బ్యానర్ కట్టినవాడు కొలత తప్పి మెడ దగ్గర మడిచాడో, కండలున్నవాడికి తలతో పనేముందనుకున్నాడో తెలియదు. మా స్టేషన్‌లో కొత్తగా చేరిన కానిస్టేబుల్ మౌనిక ఆ జిమ్‌లో పేరు రాయించుకుని నెల దాటింది. బూట్లు కొన్నది, నీళ్ల సీసా కొన్నది, చేతులకు తొడుగులు కొన్నది, పాలలో కలుపుకునే పొడి పెద్ద డబ్బా కొన్నది. లోపలికి మాత్రం ఇంకా అడుగు పెట్టలేదు. ఎందుకు పోలేదని అడిగితే, "సోమవారం నుంచి షురూ చేస్త మేడం. వారం నడుమల మొదలువెడ్తే మంచిగుండదు" అన్నది. ముందున్న ఫైలు మూసేసి చాలాసేపు నవ్వాను. ఆ పిల్ల నొచ్చుకుంది. పాపం ఆమెకేం తెలుసు, ఆ సోమవారాన్ని కనిపెట్టింది నేనేనని. ఇరవై రెండో ఏటి నుంచి ఇరవై అయిదో ఏటి దాకా నేను చేసిన ఒకే ఒక్క వ్యాయామం సోమవారం నుంచి మొదలుపెట్టడం.

అప్పుడు మా ఇల్లు జడ్చర్లలో రైలు పట్టాలకు అవతలి వైపు, రెండు గదులు, ముందు ఒక అరుగు, నడుము ఎత్తు దాటి రొమ్ముల దాకా వచ్చే ప్రహరీగోడ. మా నాయిన యాకోబు మార్కెట్ యార్డులో హమాలీ. ఇంట్లో క్యాలెండర్ అవసరం ఉండేది కాదు, నాయిన బనియను వాసన చూస్తే ఏ కాలమో తెలిసేది. పల్లికాయ వచ్చే రోజుల్లో తడిమట్టి వాసన, మక్కలప్పుడు తియ్యటి పొట్టు వాసన. వడ్లప్పుడు వాసన కంటే దురద ఎక్కువ, ఆ బనియను ఉతికినవాళ్లు కూడా గోక్కునేవాళ్లు. పొద్దున్నే జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు ముందర పెట్టుకుని ప్రార్థన చేసేవాడు. ఆ ప్రార్థనలో ప్రభువుకు అన్ని విషయాలూ చెప్పేవాడు, ఏ దుకాణం బస్తాలు సరిగ్గా కుట్టడం లేదో కూడా. మా అవ్వ మార్తమ్మ, అంటే నాయిన తల్లి, ఆ ప్రార్థనలో ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి కూర్చునేది. తెరిచిన కన్ను నా కోసం, నేను ఎన్నింటికి లేచానో చూడడానికి. అమ్మ సర్కారు బడిలో మధ్యాహ్నం వంట చేసేది కాబట్టి అప్పటికే వెళ్లిపోయేది. ఇంట్లో పనీపాటా లేనిదాన్ని నేనొక్కదాన్నే. డిగ్రీ అయిపోయింది, పోలీసు కావాలని ఒక కోరిక ఉంది, ఒక చార్టు ఉంది.

ఆ చార్టు గురించి చెప్పాలి. రాష్ట్రం వచ్చిన కొత్తలో కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడబోతోందని మా వైపు ప్రతి ఇంట్లోనూ ఒకరిద్దరు పరుగులు మొదలుపెట్టారు. పొద్దున్నే రోడ్డు మీద పాలబండ్ల కంటే పరిగెత్తే పిల్లలే ఎక్కువ. నేను మాత్రం ముందు టైంటేబుల్ వేశాను. తెల్ల చార్టు మీద ఆకుపచ్చ గీతలు, ఎర్ర అంకెలు, ఏ రోజు పరుగు, ఏ రోజు లాంగ్‌జంప్ దూకుడు, ఏ రోజు ఎన్ని గుడ్లు. అది వేయడానికే నాలుగు రోజులు పట్టింది. మంగళవారం దాకా బ్రహ్మాండంగా నడిచింది. బుధవారం మా చిన్నమ్మ కూతురికి ఓణీల ఫంక్షన్. గురువారం పొద్దున చార్టులో బుధవారం గడి ఖాళీగా నన్ను వెక్కిరించింది. ఒక్క గడి ఖాళీ ఉన్న చార్టు నా దృష్టిలో పాడైపోయిన చార్టు. చించేసి కొత్తది వేశాను, వచ్చే సోమవారం నుంచి. అట్లా ఎన్ని చార్టులు వేశానో, మా వీధి చివర స్టేషనరీ కొట్టతను నన్ను టీచరమ్మ అనుకునేవాడు. అవ్వ ఒక రోజు రొట్టె తింటూ, "గీ పిల్ల పోలీసయితే దొంగలు గూడ సోమారం దాక ఆగాల్నేమో" అన్నది. నాయిన నవ్వలేదు, నాకు కోపం వస్తుందని. కానీ ఆయన మెడ కదలడం చూశాను.

పరీక్షలో ఆడపిల్లలకు పరుగు, దూకుడుతో పాటు షాట్‌పుట్ ఉండేది, ఇనుప గుండు విసరడం. దాని కోసం నేను ఫోన్‌లో వీడియోలు చూశాను. ఎవరో పొడుగుపాటి విదేశీ ఆమె వెనక్కి తిరిగి నిలబడి, వంగి, ఒంటికాలి మీద జారి, గిర్రున తిరిగి విసిరేది. చూడడానికి ఎంత అందమో. పద్ధతి పూర్తిగా వచ్చేదాకా బరువు పట్టుకోకూడదని ఆ వీడియోలో చెప్పారు. నేను చెప్పింది చెప్పినట్టు చేసే రకం. ఆరు నెలలు ఉత్త చేతులతో వంగాను, జారాను, తిరిగాను. గోడ మీది నుంచి చూసిన పక్కింటి రజియా ఆపా, క్రిస్మస్‌కు డాన్సు నేర్చుకుంటున్నానని అమ్మతో అన్నదట. అసలు రోజు వచ్చేసరికి నా పద్ధతిలో వంక పెట్టడానికి లేదు. గ్రౌండ్‌లో నా చేతికి గుండు ఇచ్చారు. ఆ చల్లటి ఇనుము మెడకు ఆనగానే నా ఆరు నెలల అందం అంతా మోకాళ్లలోకి దిగిపోయింది. మొదటిసారి జారి గీత తొక్కాను. రెండోసారి తిరిగి గీత తొక్కాను. మూడోసారి తిరగడం అయితే తిరిగాను గానీ గుండు నా కాలి ముందరే పడింది. కొలిచే ఆమె టేపు తీయను కూడా తీయలేదు. "స్టెప్పులు మస్తు ఏసినవమ్మా. గుండు గూడ ఏస్తే బాగుండు" అన్నది. వెనకాల వరసలో ఉన్న ఆడపిల్లలందరూ నవ్వారు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ నవ్వేదాన్ని.

ఇంటికొచ్చి మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాను. నాలుగో రోజు లేచి కొత్త చార్టు కొన్నాను, ఈసారి నీలం గీతలు. నాయిన అరుగు మీద కూర్చుని నన్ను, ఆ నీలం గీతలను కాసేపు చూశాడు. వానలు వెనకపట్టిన రోజుల్లో ఒక వారపు అంగడి రోజు సాయంత్రం యార్డు నుంచి ఒక పాత గోనె సంచి, గింజలు కొలిచే ఇనుప సోల పట్టుకొచ్చాడు. రజియా ఆపా వాళ్ల ఇంటి ముందు కట్టుబడికి పోసిన ఇసుకకుప్ప ఉండేది. ఆమెను అడిగి ఆ ఇసుక సంచిలో పోసి, మూతి కుట్టి, "ఎత్తు" అన్నాడు. ఎత్తాను. సులువుగా లేచింది. నాకు చిన్నతనం అనిపించింది. ఇంకా పొయ్యమన్నాను. పొయ్యలేదు. "దీన్ని భుజం మీదికెత్తుకొని బోరింగు దాక పో, మల్ల రా. వచ్చినంక గుండెల కాడికెల్లి గోడ మీదికి నెట్టు. కింద పడేయొద్దు, దించాలె. గంతే పని. అంగడి అంగడికి ఒక సోల పోస్త" అన్నాడు.

అది మా నాయిన కనిపెట్టిన విద్య కాదు, వాళ్ల యార్డు ఆచారం. కొత్తగా జట్టులో చేరినవాడికి నిండు బస్తా ఇవ్వరు. వాడు నవ్వుతూ మొయ్యగలిగినంత మాత్రమే సంచిలో పోసి, మిగతా బస్తాల్లో కలిసిపోకుండా దానికి ఎర్ర సుతిలితో మూతి కుడతారు. అంగడికి ఒక సోల కలుపుతూ పోతారు. ఎర్ర సుతిలిని చూసి నవ్వినవాడు జట్టు మొత్తానికి ఆ పూట చాయ్ తాగించాలి. అయినా ప్రతి ఏడూ ఒకడో ఇద్దరో మొనగాళ్లు వచ్చేవాళ్లు, మొదటి రోజే నిండు బస్తా ఎత్తి చూపించేవాళ్లు, నెల తిరక్కముందే నడుము పట్టుకుని ఊరికి పోయేవాళ్లు. మా నాయిన ఎర్ర సుతిలి మీద ఏడాదిన్నర ఉన్నాడట. యార్డులో అదొక రికార్డు. ముసలి హమాలీలు ఆయన్ని ఎర్ర సుతిలి యాకోబు అనే పిలిచేవాళ్లు. చిన్నప్పుడు అది విని నాకు తల కొట్టేసినట్టుండేది. ఆయనతో పాటు చేరిన మొనగాళ్లలో ఒక్కడు కూడా యార్డులో మిగల్లేదన్న సంగతి అప్పుడు నా బుర్రకు తట్టలేదు.

ఆ సంచి మోయడంలో ఏ అందమూ లేదు. అందుకే నాకు నచ్చలేదు. వీడియోల్లో వాళ్లకు చెమట కూడా వరసలో పడుతుంది. నాకు ఇసుక కుట్ల సందుల్లోంచి మెడలోకి, జాకెట్లోకి, జడలోకి పోయేది. బోరింగు దగ్గర నీళ్లు పట్టే ఆడవాళ్లు దారి ఇచ్చి, "సిమెంటా బిడ్డా, యాడ గడ్తున్నరు ఇల్లు" అని అడిగేవాళ్లు. అంగడి రోజు మాత్రం నాయిన వచ్చి, చేతులు కడుక్కుని, దబ్బనంతో మూతి విప్పి, సోలతో ఇసుక తీసి అరచేత్తో పైన సమం చేసేవాడు. గింజలైతే సోల మీద రాశి నిలబెట్టి పోసే మనిషి, నా ఇసుకకు మాత్రం గోపురం ఉండనిచ్చేవాడు కాదు. రెండు సోలలు పొయ్యి నాయినా, నోటిఫికేషన్ ఎప్పుడైనా పడొచ్చు అంటే, "రెండు పోస్త. రేపు నీ నడుము వడ్తే నిన్నెవలు మోస్తరు? నేనా, మీ అవ్వనా?" అనేవాడు. లోపలి నుంచి అవ్వ, "నేనైతే మొయ్య" అని జవాబిచ్చేది. నేను రోజు తప్పిన వారం ఆయన తిట్టేవాడు కాదు. సోల పోసేవాడూ కాదు, ఉన్నది తీసేవాడూ కాదు. ఒకసారి జ్వరం వచ్చి వారం పడుకున్నాను. లేచి, మొత్తం తప్పిపోయింది, సోమవారం నుంచి మళ్లీ మొదటి నుంచి పెడతానన్నాను. ఆయన నా ముఖం వైపు నిజంగా అర్థం కానట్టు చూశాడు. "ఒక్కపూట బువ్వ తప్పితే మల్ల తల్లిపాలకెల్లి మొదలువెడ్తవా?" అన్నాడు.

ఆ మాట విని కూడా నేను చేసిన పని ఇప్పుడు చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. నేను సంచి ఎత్తేది ఎట్లా ఉందో చూద్దామని ఒక రోజు ఫోన్ అరుగు మీద నిలబెట్టి వీడియో తీసుకున్నాను. చూసుకుంటే నడుము ఒక వైపుకు వంగి ఉంది, మోకాలు ఒకటి తూర్పుకు, ఒకటి పడమటికి, ముఖం పన్ను పీకించుకుంటున్నదాని ముఖం. ఇన్ని నెలల కష్టమూ తప్పు పద్ధతిలో పడిందని నాకు ఖాయమైపోయింది. దబ్బనం తీసుకుని మూతి విప్పి, వానలు వెనకపట్టినప్పటి నుంచి సోల సోల చేరిన ఇసుకనంతా పెరట్లో పోశాను. సంచిని ఉతికి దండెం మీద ఆరేశాను. కొత్తగా, శుభ్రంగా, మొదటి సోల నుంచి సరైన పద్ధతిలో మొదలుపెట్టాలని. అవ్వకు ఆ ఇసుక చూసి ప్రాణం లేచి వచ్చింది. జల్లెడ పట్టి, పట్టినంత మూకుడులో పోసి, పొయ్యి మీద పెట్టి పల్లీలు వేయించడం మొదలుపెట్టింది. సాయంత్రం నాయిన వచ్చేసరికి ఇల్లంతా వేయించిన పల్లీల వాసన, దండెం మీద ఖాళీ సంచి. ఆయన దాని కింద నిలబడి, "ఉతికినవా" అన్నాడు. ఉతికాను నాయినా, ఇక మొదటి నుంచి పద్ధతిగా చేస్తానని మొదలుపెట్టి ఏవేవో చెప్పాను. "ఊఁ" అని, రెండు పల్లీలు నోట్లో వేసుకుని, లోపలికి పోయి పడుకున్నాడు. అవ్వ నువ్వుల నూనె తీసుకుని ఆయన నడుము రుద్దడానికి పోయింది. ఈ మధ్య ఆ నూనె రోజూ పోతోందని నేను గమనించలేదు, చార్టుల మీదున్న శ్రద్ధ నాకు ఇంట్లో మనుషుల మీద లేదు.

మరునాడు అమ్మ బడికి పోయింది, అవ్వకు మోకాళ్లు లేవలేదు, సద్ది గిన్నె నేను తీసుకుని యార్డుకు పోయాను. మక్కల కాలం. యార్డంతా పసుప్పచ్చటి కుప్పలు, తూకాల దగ్గర అరుపులు, గాలి నిండా పొట్టు. లారీకి వేసిన చెక్క మీద వరసగా హమాలీలు ఎక్కుతున్నారు. ఒకరి వెనక ఒకరు, వీపుల మీద ఉబ్బిన బస్తాలు. ఆ వరసలో ఒక బస్తా మిగతావాటికంటే చిన్నది, సగానికి కొంచెం పైన. మూతికి ఎర్ర సుతిలి. ఎవరో కొత్త పిల్లగాడనుకుని చూశాను. కింద నడుస్తున్నది మా నాయిన.

జట్టు మేస్త్రి ఖాజా మియా నన్ను చూసి గబగబా వచ్చాడు. నేను పుట్టినప్పటి నుంచి ఎరిగిన మనిషి, చిచ్చా అని పిలుస్తాను. సద్ది గిన్నె నా చేతిలోంచి తీసుకుని, నన్ను లారీ కనబడకుండా పక్కకు తిప్పబోయాడు. "చిచ్చా, నాయిన బస్తాకు ఎర్ర సుతిలి ఎందుకున్నది" అని అడిగాను. ఆయన తల గోక్కున్నాడు. "నడుములో పూస జరిగింది బేటీ. దవాఖానల బరువు మొయ్యొద్దన్నరు. ఇంట్ల చెప్పొద్దని నాతోని ఒట్టు వెట్టించుకున్నడు. వానలు పొయ్యినకాడికెల్లి అంగడికో సోల తగ్గిస్తున్నం. ఆయన తక్కువ మోసింది జట్టు మోస్తున్నది. మాకేం ఫికర్ లేదు గని, గట్లెన్ని దినాలు" అన్నాడు. ఎన్ని రోజులని నాయిన అన్నాడో అడిగాను. "బిడ్డ ఖాకీ తొడిగేదాక అంటడు" అన్నాడు ఖాజా చిచ్చా, నేల చూస్తూ.

ఇంతలో నాయిన బస్తా దించి, తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. నన్ను చూశాడు, చిచ్చాను చూశాడు, సంగతి తెలిసిపోయింది. ఏమీ జరగనట్టే, "తొక్కు ఏసిందా మీ అమ్మ" అని గిన్నె మూత తీశాడు. ఎందుకు చెప్పలేదు నాయినా అని అడిగితే, ముద్ద కలుపుకుంటూ, "చెప్తే నువ్వు రెండేసి సోలలు పోసుకుందువు" అన్నాడు. తిరిగి వస్తూ దాణా కొట్టు వెనకాల నిలబడి ఏడ్చాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. నా సంచిలోకి ఒక్కో సోల ఎక్కించిన చేతులతోనే ఆయన తన బస్తాలోంచి ఒక్కో సోల దించుకుంటున్నాడు. నేనేమో వీడియోలో అందంగా కనబడలేదని మొత్తం పెరట్లో పారబోశాను. నాకు ఉద్యోగం వచ్చేదాకా ఆ చెక్క ఎక్కడం ఆయనకు తప్పదు. అది ఇంకెన్నాళ్లన్నది నా చేతిలో ఉంది, నా చేతికేమో గుండు లేవదు.

ఇంటికి పోయి అవ్వను ఇసుక ఇమ్మన్నాను. "పల్లీలు ఏయించుకునే ఇసుక ఎట్లిస్తనే, నీ సోమారాలకు నా పల్లీలే దొరికినయా" అని కయ్యానికి వచ్చింది. యార్డులో చూసింది చెప్పాను. అవ్వ తనే లేచి మూకుడు తెచ్చి పెరట్లో కుప్ప మీద బోర్లించింది. పొద్దున మళ్లీ వేయించినట్టుంది, ఇసుక ఇంకా వెచ్చగా ఉంది, దాని నిండా పల్లీపొట్టు. సాయంత్రం నాయిన వచ్చాక, సిగ్గు కొద్దీ, ఒక్క సోలతో మొదలుపెడతానన్నాను. "ఎందుకు? ఆగింది నిన్ననేనాయె. మొన్న మోసిన దాంట్ల రెండు సోలలు తక్కువ పొయ్యి. గంతే" అన్నాడు. మళ్లీ తనే మూతి కుట్టాడు. ఆ తర్వాత చాలా రోజులు, సంచి భుజానికెత్తినప్పుడల్లా నాకు వేయించిన పల్లీల వాసన వచ్చేది. ఆకలి కూడా వేసేది.

ఆ తర్వాత నేను చార్టులు వేయలేదు. మిగిలిన నీలం గీతల చార్టును అమ్మ డబ్బాల కింద అలమారలో పరిచింది. సంచి మోయడం ఏమంత గొప్పగా సాగిందని చెప్పను. కొన్ని వారాలు మోశాను, కొన్ని వారాలు ఎగ్గొట్టాను. పెళ్లిళ్లు వచ్చాయి, కడుపునొప్పి వచ్చింది, ఊరికే బద్ధకం కూడా వచ్చింది. ఎగ్గొట్టిన మరునాడు ఏ వారమైతే ఆ వారమే లేచి, ఉన్న సంచినే ఎత్తేదాన్ని. మోకాళ్లు తూర్పుకూ పడమటికీ అట్లాగే ఉన్నాయి. వీడియో మాత్రం మళ్లీ తీసుకోలేదు. కాలేజీ వ్యాయామం సారును బతిమాలి ఒక తుప్పుపట్టిన గుండు తెచ్చుకున్నాను, సంచిని గోడ మీదికి నెట్టినట్టే దాన్నీ నెట్టేదాన్ని. నెట్టేటప్పుడు నా గొంతులోంచి ఒక మూలుగు వచ్చేది. అది అచ్చంగా హమాలీల మూలుగు. అవ్వ, "ఇంట్ల ఒక యాకోబు సాలదా" అనేది. మళ్లీ నోటిఫికేషన్ పడేనాటికి కూడా నా సంచి నిండు బస్తా కాలేదు. సగానికి కొంచెం పైన, అంతే.

ఈసారి గ్రౌండ్ మహబూబ్‌నగర్‌లో. నాయిన నాతో బస్సులో వచ్చి గేటు బయట కూర్చున్నాడు. పరుగు గట్టెక్కాను, దూకుడు గట్టెక్కాను. గుండు చేతికొచ్చింది. మొదటిసారి పాత బుద్ధి పోక ఒక అడుగు జారాను, గీత తొక్కాను. రెండోసారి భయపడి మెల్లగా నెట్టాను, కావాల్సిన దానికి జానెడు ముందే పడింది. మూడోసారి గేటు బయట ఉన్న మనిషి, ఆయన ఎక్కే లారీ చెక్క తప్ప నాకేమీ కనబడలేదు. జారలేదు, తిరగలేదు. గోడ ముందు నిలబడ్డట్టు నిలబడి, మూలిగి, నెట్టాను. ముందుకు తూలి, గీతకు ఇవతల ఎట్లాగో ఆగాను. టేపు పట్టిన ఆమె వంగి చూసి, మళ్లీ చూసి, "నాలుగు వేళ్ల మందం ఎక్కువున్నది. పాస్" అన్నది. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "గిదేం ఏసుడమ్మా, బస్తా దించినట్టు" అన్నది. బస్తానే మేడం అన్నాను. బయటికొచ్చి నాయినకు చెబితే, తన నాలుగు వేళ్లు దగ్గర పెట్టి వాటి మందం చూసుకున్నాడు. "మస్తయితది" అన్నాడు.

రాతపరీక్ష కూడా అట్లాగే, ఎవరూ చప్పట్లు కొట్టేటన్ని మార్కులు రాకుండా గట్టెక్కింది. ఖాకీ తొడిగాను. ఇప్పుడు ఎదురుగా ఉన్న జిమ్‌ను చూస్తే నాకు ఈర్ష్య లేదని చెబితే అబద్ధం. మేము బోరింగు దగ్గర అందరి ప్రశ్నలకూ జవాబు చెప్పి మోసిన బరువును ఈ ఆడపిల్లలు తలుపు వేసుకుని, ఫ్యాను కింద మోస్తారు. మంచిదే. ఆ అద్దాలు మాత్రం నాకు గిట్టవు. అన్ని అద్దాలుంటే నేను ఇప్పటికీ నడుము వంకర చూసుకుంటూ ఉండేదాన్ని. మౌనికను ఒక గురువారం నాడు, ఆ బూట్లు గీట్లు లేకుండానే, చెయ్యి పట్టుకుని లోపలికి తోలాను. పావుగంట ఏదో ఎత్తి వచ్చింది. రెండు రోజులు నొప్పులని పోలేదు, మూడో రోజు పోయింది. ఆ పొడి డబ్బా ఇంకా తెరిచినట్టు లేదు.

పోయిన నెల జడ్చర్ల పోయినప్పుడు ఖాజా చిచ్చాను చూద్దామని వాళ్లింటికి వెళ్లాను. మేస్త్రిగిరీ కొడుక్కు అప్పగించి ఇంటి పట్టున ఉన్నాడు. చాయ్ తాగుతూ పాత మాటల్లో నా షాట్‌పుట్ రోజు వచ్చింది. నేను పాసయ్యాకే నాయిన పని మానేశాడని నా నమ్మకం. మరునాటి నుంచే యార్డుకు పోకుండా చర్చి ఆవరణ ఊడ్చే పనికి కుదిరాడు కాబట్టి. అదే చిచ్చాతో అన్నాను. చిచ్చా కప్పు కింద పెట్టి తల అడ్డంగా ఊపాడు. "మరునాడు కాదు బేటీ. ఆ దినమే పొద్దుగాల, బస్సెక్కకముందు వచ్చి బస్తాలు లాగే కొక్కెం నా చేతిల వెట్టిండు. నా జాగల ఇంకొకన్ని తీస్కో ఖాజన్నా, నా పని అయిపోయింది అన్నడు. అరే, పిల్ల ఇంక గుండు ఏయనే లేదు గద యాకోబూ అన్న నేను. ఇనలే." జట్టులో జాగా అంటే ఎంతో నాకు తెలుసు. ఒకసారి వదిలితే ఆ పూటకే ఇంకొకడు వచ్చి నిలబడతాడు. మూడోసారి కూడా గుండు జానెడు ముందే పడి ఉంటే, ఆ సాయంత్రం మా ఇంట్లో ఇద్దరికీ పని లేదు.

ఇంటికొచ్చేసరికి నాయిన అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. ఎదురుగా నిలబడి, స్టేషన్‌లో అడిగే గొంతుతోనే అడిగాను, నేను ఫెయిలైతే ఏం చేస్తుంటివి అని. ఏ సంగతో అర్థం కావడానికి ఆయనకు కాసేపు పట్టింది.

"ఏముంది బిడ్డా. పొయ్యి ఖాజన్న ముంగట మల్ల నిలవడ్తుంటి. ఎంతిస్తే గంత మోస్తుంటి. నువ్వు గూడ మల్ల మోస్తుంటివి" అన్నాడు.

నాకు కోపం వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. పక్కన కూలబడి, నా మీద నీకు అంత నమ్మకమేంది నాయినా, నాకే లేకపోయె అన్నాను.

"నమ్మకం గిమ్మకం ఏంది" అన్నాడు, చేతిలో చిక్కుడుకాయ నార తీస్తూ. "దినాం చూస్తనే ఉంటి గద."